లింబాద్రి కుట్టిన కబడ్డీ బనియను

చిట్టెంపేటలో లింబాద్రి అనే దర్జీ ఉండేవాడు. తాను కుట్టిన బట్ట బిగుతైతే తప్పు తొడుక్కున్నవాళ్ల ఒంటిదే గాని తన కత్తెరది ఎన్నటికీ కాదనేవాడు. అతని పనితనానికి వంక పెట్టడానికి లేదు. జాకెట్లు కుట్టడంలో చుట్టుపక్కల ఊళ్లన్నీ అతని పేరే చెప్పుకునేవి. ఖాకీ కాగితాల మీద కొలతలు గీసి కత్తిరించిన నమూనాలు అతని కొట్లో మేకుకు వేలాడుతూ ఉండేవి. అవి అతని తండ్రి చేసిపెట్టినవి. ఏ బట్ట వచ్చినా వాటిలో ఒక కాగితం తీసి పరిచేవాడు. సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, ఇక రెండో ఆలోచన లేకుండా కత్తెర వేసేవాడు.

ఎప్పుడైనా ఒక జాకెట్టు పట్టేసిందనుకోండి. ఆ ఇల్లాలు దాన్ని సంచిలో పెట్టుకుని మొహమాటపడుతూ కొట్టుకు వచ్చేది. లింబాద్రి జాకెట్టు వంక చూసేవాడు కాదు, ఆమె వంక చూసేవాడు. కాగితం కొలతకే కత్తిరించాననీ, ఆమే బొద్దయిందనీ, నాలుగు రోజులు బువ్వ తగ్గిస్తే అదే పడుతుందనీ అనేవాడు. కొట్లో కూర్చున్నవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. ఆమె కూడా వాళ్లతో పాటు నవ్వు తెచ్చుకుని, కుట్లు విప్పించుకుని వెళ్లిపోయేది. ఇంటికి వెళ్లాక అద్దం ముందు నిలబడి ఏమనుకునేదో లింబాద్రికి తెలియదు. తెలుసుకోవాలని అతనికి తోచనూ లేదు. తనకది వట్టి సరదా మాట. అయినా తప్పు తన మీద పడకుండా ప్రతిసారీ ఆ సరదాయే అడ్డుపడేదని అతనికి లోలోపల తెలియకపోలేదు.

ఆ ఏడు ఊరి హైస్కూలు ఆడపిల్లల కబడ్డీ జట్టు మండల పోటీలకు తయారవుతోంది. ఆటలు నేర్పే సుదర్శన్ సారు పిల్లలందరికీ ఒకే రంగు బనియన్లు ఉండాలని ముచ్చటపడ్డాడు. పట్నం వెళ్లి మెరూన్ రంగు బనియన్ బట్ట తెచ్చి లింబాద్రి బల్ల మీద పెట్టాడు. అది మగ్గం మీద నేసిన బట్ట కాదు. దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లి తయారు చేసినది. అడ్డంగా లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ దగ్గరికి వస్తుంది. ఇలాంటి బట్ట ఇదివరకు ఎప్పుడైనా కుట్టావా అని సారు అడిగాడు.

లింబాద్రి ఎన్నడూ కుట్టలేదు. కాని కొట్లో నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు లేదనడానికి నోరు రాలేదు.

"బట్ట ఏదైతేంది సారూ. కత్తెర ఒక్కటే, చెయ్యి ఒక్కటే," అన్నాడు.

కొలతలు ఇవ్వడానికి పిల్లలు వచ్చారు. వాళ్లలో రవళి అనే పిల్ల జట్టుకంతటికీ గట్టి ఆటగత్తె. కూతకు వెళ్లిందంటే ఎవరో ఒకరిని తాకకుండా వెనక్కి వచ్చేది కాదు. ఆమె తల్లి గంగమణి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. మండల పోటీల్లో బాగా ఆడితే జిల్లా జట్టులోకి తీసుకుంటారనీ, ఆ తర్వాత ఆటల హాస్టల్లో చదువు కూడా చెప్పిస్తారనీ సారు చెప్పాడు. తల్లీబిడ్డలిద్దరూ ఆ ఒక్క మాట మీద ఆశ పెట్టుకుని ఉన్నారు. లింబాద్రి టేపు చుడుతుంటే రవళి, తాను బాగా వంగి ఆడుతుంది గనక వెనక భాగం కాస్త పొడుగు ఉంచమని అడిగింది. లింబాద్రికి అది నచ్చలేదు.

"మీ నాయిన లగ్గం బట్టలు కుట్టింది నేనే. నువ్వు నాకు నేర్పుతున్నవా బిడ్డా?" అన్నాడు.

రవళి నాలిక కరుచుకుని ఊరుకుంది.

లింబాద్రి మేకు మీది కాగితాల్లోంచి చొక్కా కాగితం ఒకటి తీశాడు. ఆడపిల్లల బట్ట గదా, ఒంటికి అతికినట్టు ఉండాలని దానికి జాకెట్టు కాగితంలోని నడుము వంపు కలిపాడు. జాకెట్టుకు పెట్టినట్టే, ఒంటి వంపుకు బట్టను మడిచి కుట్టే డాట్లు పెట్టాడు. కాగితాన్ని బట్ట మీద ఎప్పుడూ పరిచే వాటంలోనే పరిచాడు. ఆ బట్టకు అది తప్పు వాటం. సాగే గుణం ఒంటి చుట్టూ రావలసింది, నిలువుకు వచ్చి కూర్చుంది. మిషను మీద పెట్టి తొక్కుతుంటే సూది అక్కడక్కడా కుట్టు వదిలేసింది. అంచులు అలలు అలలుగా లేచాయి. బట్ట అతనితో ఏదో చెబుతూనే ఉంది. లింబాద్రి ఇస్త్రీ పెట్టె కాల్చి, ఆ అలలన్నిటినీ గట్టిగా నొక్కేశాడు.

గుండీలు, అంచులు కుట్టే పని అతని భార్య రాజమణిది. ఆమె ఒక బనియను అంచు మడిచి కుట్టబోతూ రెండు చేతులతో పట్టి చూసింది. చంక దగ్గర దారం పుటుక్కుమంది.

"గిది ఆగదయ్యా. జర లాగంగనే తెగుతుంది," అంది.

"ఎవరు లాగుమన్నరు నిన్ను? లాగితే ఏ బట్టయినా తెగుతది," అన్నాడు లింబాద్రి.

కబడ్డీలో లాగడం తప్ప ఇంకేముంటుందో అతను చెప్పలేదు. రాజమణి అడగలేదు. తెగిన చోట మళ్లీ కుట్టు వేసి, బనియన్లన్నీ మడతపెట్టి బడికి పంపేశారు. వేసుకుని నిలబడితే పిల్లలు చూడముచ్చటగా ఉన్నారు. సారు మెచ్చుకున్నాడు. లింబాద్రి ఆ మెచ్చుకోలును కాదనకుండా పుచ్చుకున్నాడు.

పోటీలు పక్క ఊరి గ్రౌండులో జరిగాయి. చిట్టెంపేట నుంచి జనం ట్రాక్టర్ ఎక్కి వెళ్లారు. లింబాద్రి కూడా వెళ్లాడు. తన బనియన్లు నలుగురికీ కనబడే రోజు గదా, ముందు వరసలోనే నిలబడ్డాడు. మొదటి ఆట గెలిచారు. రెండో ఆటలో రెండు జట్లూ సరిసమానంగా ఉండగా రవళి కూతకు వెళ్లింది. ఒకరిని తాకి వెనక్కి తిరిగింది. అంతలో అవతలి జట్టు పిల్ల ఆమె నడుము పట్టుకుంది. రవళి కూత ఆపకుండా ముందుకు పడి, మధ్యగీత వైపు చెయ్యి చాచింది. ఇంకొక్క జానెడు చాస్తే గీత అందుతుంది.

అప్పుడు బనియను పర్రుమని చినిగింది. చంక నుంచి నడుము దాకా కుట్టు మొత్తం విడిపోయింది. రవళి చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. రెండు చేతులతో ఒంటిని చుట్టుకుని మట్టిలో ముడుచుకుని కూర్చుంది. కూత ఆగిపోయింది. గోడ మీద కూర్చున్న మగపిల్లలు ఈలలు వేసి నవ్వారు. తోటి పిల్లలు పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డారు. ఎవరో చున్నీ తెచ్చి కప్పారు. ఆట పోయింది.

సుదర్శన్ సారు లింబాద్రి దగ్గరికి వచ్చాడు. కొత్త బట్ట ఇలా ఎలా చినిగిందని అడిగాడు. కోపంగా అడగలేదు, తెలియక అడిగాడు. జనం అంతా ఇటు తిరిగారు. రాజమణి చేతుల్లో దారం పుటుక్కుమన్న చప్పుడు లింబాద్రికి అప్పుడు గుర్తొచ్చింది. నిజం చెప్పడానికి అదే అదను. కాని అతని నోటికి ఏళ్ల తరబడి అలవాటైన మాట ఒకటుంది. అదే ముందు బయటికి వచ్చింది. పదిమందికీ వినబడాలని గొంతు పెంచి మరీ అన్నాడు.

"నా దాంట్ల తప్పేం లేదు సారూ. కొలత ఇచ్చినంక పిల్లనే బొద్దయింది. గా బొద్దుకు ఏ బట్ట ఆగుతది?"

గోడ మీది పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి పెద్దవాళ్లు కూడా నవ్వారు. చున్నీ కప్పుకుని కూర్చున్న రవళి తలెత్తి లింబాద్రి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. పెద్దవాడు చెప్పాడు గనక నిజమే అయి ఉంటుందన్న నమ్మకం ఉంది. లింబాద్రి తల తిప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి బడిలో రవళికి బొద్దు రవళి అని పేరు పడింది. ఆమె సాయంత్రాలు ఆటకు పోవడం మానేసింది. సారు ఇంటికి వచ్చాడు. ఆ ఒక్క ఆటతో అంతా అయిపోలేదనీ, వచ్చే నెల మొదటి ఆదివారం అదే గ్రౌండులో జిల్లా జట్టుకు పిల్లలను ఎంపిక చేస్తారనీ, తాను పేరు పంపించాననీ చెప్పాడు. రవళి తలుపు వెనకాల నుంచే రానంది. తల్లి బతిమాలినా బయటికి రాలేదు. నలుగురి ముందు నిలబడాలంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోందని తల్లితో మాత్రం చెప్పుకుంది.

ఈ సంగతులన్నీ లింబాద్రి చెవిన పడుతూనే ఉన్నాయి. పిల్లలు రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటారులే అని సరిపెట్టుకున్నాడు. కాని జాకెట్టు కత్తిరిస్తుంటే గీత వంకర పోయేది. కొట్లో ఎవరైనా ఆట సంగతి ఎత్తితే లేచి లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాడు. అలా అతను తాగిన మంచినీళ్లకు లెక్కలేదు.

ఎంపికలు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం గంగమణి కూతురిని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చింది. చేతిలో ఆ చినిగిన బనియను ఉంది. పోట్లాటకే వచ్చిందనుకుని లింబాద్రి మాటలు వెతుక్కున్నాడు. ఆమె పోట్లాడలేదు.

"అన్నా, ఒక్కసారి పిల్ల కొలత తీసి చెప్పు. ఎంత పెరిగిందో తెలుస్తే గంత తగ్గిపిస్త. పొద్దుటి బువ్వ బంద్ చేసింది. రాత్రి ఒక్క రొట్టె తింటుంది. ఇంక ఎంత తగ్గాల్నో మాకు తెలుస్తలేదు," అంది.

రవళి ముందుకొచ్చి, అడగకుండానే రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. లింబాద్రి టేపు తీశాడు. చుడుతుంటే చేతికి పక్కటెముకలు తగిలాయి. టేపు మొదటిసారి ఎక్కడ ఆగిందో ఈసారి అక్కడ ఆగలేదు. అంతకంటే లోపలే ఆగింది. పిల్ల పెరగలేదు. తరిగిపోయింది.

లింబాద్రికి ఒళ్లంతా వేడెక్కింది. సిగ్గు అంటే ఏమిటో అతనికి అంతవరకు తెలియదు. కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ దాన్ని పంచిపెట్టాడు గాని తాను ఎన్నడూ పడలేదు. ఇప్పుడు అది అతని మెడ దగ్గర మొదలై చెవుల దాకా పాకింది. తల్లి ముఖం వంక చూడలేకపోయాడు. అయినా చూడండి, అప్పుడు కూడా అతనికి నిజం చెప్పే ధైర్యం రాలేదు. కొలత ఎంతని గంగమణి రెండోసారి అడిగితే, టేపు చుట్ట చుడుతూ, బనియను అక్కడ పెట్టి పొమ్మనీ, తాను సరి చేస్తాననీ గొణిగాడు.

"నీ పుణ్యముంటది అన్నా," అంది గంగమణి. ఆ మాట వినడం కంటే ఆమె రెండు తిట్లు తిట్టిపోయి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

వాళ్లు వెళ్లాక రాజమణి పళ్లెంలో అన్నం పెట్టి పిలిచింది. లింబాద్రి లేవలేదు. ఆమె లోపలి నుంచి అంతా విన్నది. పళ్లెం మీద మూత పెట్టేసింది. లింబాద్రి ఆ చినిగిన బనియను బల్ల మీద వేసి ఒక్కో కుట్టూ విప్పాడు. తండ్రి చేసిన చొక్కా కాగితాన్ని దాని పక్కన పరిచాడు. తర్వాత చొక్కా విప్పి, తాను లోపల తొడుక్కున్న పాత బనియను కూడా విప్పి పక్కన పెట్టాడు. ఇన్నేళ్లుగా ఒంటి మీద ఉన్న ఆ బనియను ఎలా కత్తిరించారో అతను ఒక్కసారి కూడా చూడలేదు.

దానికి డాట్లు లేవు. నడుము వంపు లేదు. బట్టే సాగి ఒంటికి అతుక్కుంటుంటే ఇక వంపులతో పనేమిటి? చంక లోతుగా తవ్వినట్టు లేదు, చెయ్యి పైకెత్తితే బట్ట కూడా వెంట లేచేలా పైకి ఉంది. లింబాద్రి ఆ మెరూన్ బట్టను అడ్డంగా లాగి చూశాడు. సాగింది. నిలువుగా లాగాడు. బిర్రబిగుసుకుని ఊరుకుంది. కాగితం ఏ వాటంలో పరచాలో చిన్నపిల్లలకు కూడా తెలిసేలా బట్ట చెబుతోంది. తాను అడగలేదు, అంతే.

అతను కొత్త ఖాకీ కాగితం తీసుకుని తండ్రి కాగితాన్ని దాని మీద పెట్టి గీత గీశాడు. తర్వాత ఆ గీతను మార్చుకుంటూ వచ్చాడు. డాట్లు కొట్టేశాడు. పక్కలు తిన్నగా చేశాడు. చంక పైకి తెచ్చాడు. తల దూరడానికి మెడ కాస్త వెడల్పు చేశాడు. వెనక భాగం దగ్గరికి వచ్చేసరికి సుద్ద కొంచెంసేపు ఆగింది. ఆ పిల్ల అడిగిన పొడుగు అప్పుడు ఉంచాడు. సారు తెచ్చినదాంట్లో మిగిలిన బట్టను ఈసారి సాగే వాటం ఒంటి చుట్టూ వచ్చేలా పరిచి కత్తిరించాడు. దారపు ఉచ్చులు తెగకుండా మొన కాస్త మొండిగా ఉన్న సూది మిషనుకు ఎక్కించాడు. దారం బిగువు తగ్గించాడు. బట్టను రెండు చేతులతో కొంచెం సాగదీసి పట్టుకుంటూ కుట్టాడు. అలా కుడితే బట్టతో పాటు కుట్టూ సాగుతుంది. మొదటిసారి కుట్టింది వంకర పోతే విప్పి మళ్లీ కుట్టాడు. దర్జీపని కొత్తగా నేర్చుకునేవాడిలా కుట్టాడు.

కుట్టడం అయ్యాక బనియనును రాజమణి చేతికిచ్చి లాగమన్నాడు. ఆమె ఒక అంచు కాలి కింద తొక్కిపట్టి, రెండో అంచు పట్టుకుని తన బలమంతా పెట్టి లాగింది. బట్ట సాగి మళ్లీ దగ్గరికొచ్చింది. దారం ఎక్కడా తెగలేదు.

"బనియను బాగైంది. పిల్లకేం చెప్తవు?" అని అడిగింది రాజమణి.

చెప్పడానికేముంది, తొడుక్కుంటే దానికే తెలుస్తుందన్నాడు లింబాద్రి. మంచి బనియను చేతిలో పెడితే చెడ్డ మాట దానంతట అదే మరుగున పడుతుందని అతని ఆశ. నోరు మెదపకుండా తప్పు దిద్దుకునే దారి దొరికిందని లోపల కొంచెం సంతోషపడ్డాడు కూడా.

సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాడు. గంగమణి వాకిట్లో కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రవళి బనియను తీసుకుని లోపలికి వెళ్లి తొడుక్కుని వచ్చింది. చేతులు ఎత్తింది. వంగింది. ఒక కాలు చాచి నేల తాకింది. బనియను ఆమెతో పాటు లేచింది, ఆమెతో పాటు వంగింది. వీపు మీద ఎక్కడా పైకి జరగలేదు. లింబాద్రి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

గంగమణి చేట పక్కన పెట్టి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "తగ్గింది సూడు అన్నా. తిండి బంద్ చేసినందుకు తగ్గనే తగ్గింది," అంది.

రవళి ముఖం విప్పారింది. ఇన్ని రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వింది.

"నిజంగ తగ్గిన్నా కాకా? ఇంక కొన్ని రోజులు గిట్లనే ఉంటే ఇంక మంచిగైత గదా?" అని అడిగింది.

లింబాద్రి అంత కష్టపడి కుట్టిన మంచి బనియను అతని అబద్ధానికే సాక్ష్యం చెబుతోంది. తల ఒక్కసారి ఊపితే చాలు, అతని పేరు ఎప్పటిలాగే నిలబడుతుంది. రవళి ఆ పూట కూడా తినదు, రేపూ తినదు. ఆ పిల్ల మణికట్టు వంక చూశాడు. ఇక దాచుకోవడానికి అతనికి చోటు కనబడలేదు.

"నువ్వు ఎన్నడు పెరగలేదు బిడ్డా. తినక ఉత్తగనే తరిగినవు. గా బట్ట కుట్టుడు నాకు రాదు. రాదని చెప్పలేక కుట్టిన. నేను కత్తిరించుడే తప్పు. తప్పని ఎరుకయి గూడ నీ మీదికి నెట్టిన," అన్నాడు.

గంగమణి చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది గాని చేతులు ఆడలేదు. కన్నబిడ్డను తానే పస్తులుంచానని ఆమె అప్పుడే తెలుసుకుంది. రవళి లోపలికి వెళ్లింది. పాత గౌను వేసుకుని బయటికి వచ్చి, బనియను మడతపెట్టి లింబాద్రి చేతుల్లో పెట్టింది.

"ఇది తొడుక్కుంటే నేను తగ్గి వచ్చిన్ననే అనుకుంటరు అందరు. నువ్వు గ్రౌండుల చెప్పు కాకా. గా మాట నువ్వు అన్నది అక్కడనే గదా," అంది.

లింబాద్రి ఇంటికి వచ్చాడు. సారుకు ఒక్కడికే చెవిలో చెబితే సరిపోదా అనుకున్నాడు. ఆదివారం జ్వరమని పడుకుంటే ఎలా ఉంటుందని కూడా అనుకున్నాడు. నిజం చెప్పకుండా తప్పించుకోవడానికి మనిషికి ఎన్ని తోవలు తోస్తాయో చెప్పలేం. కాని బనియను బల్ల మీద కళ్లెదుటే ఉంది. ఎటు తిరిగినా అదే కనబడింది.

ఆదివారం అదే గ్రౌండులో జనం చేరారు. వేరే ఊళ్ల పిల్లలూ, ఎంపిక చేసే పెద్దలూ వచ్చారు. గోడ మీద మళ్లీ మగపిల్లలు కూర్చున్నారు. చిట్టెంపేట ఆడవాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. రవళి లోపలికి రాలేదు. తల్లితో గేటు దగ్గరే నిలబడింది. పేర్లు పిలవబోతుంటే లింబాద్రి సుదర్శన్ సారు దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పుకోనివ్వమన్నాడు. అందరి ముందూ గీత దగ్గర నిలబడ్డాడు. గోడ మీది వాళ్లు కిసుక్కుమన్నారు.

"మొన్న రవళి బనియను చినిగింది పిల్ల బొద్దయి కాదు. నాకు ఆ బట్ట కుట్టరాదు. కుట్టరాక ఖరాబు చేసిన. చేసి, పిల్లను బొద్దన్న. నేను అన్నది అబద్ధం. మీరు నవ్వాల్సింది నన్ను సూసి," అన్నాడు.

ఆడవాళ్లలోంచి నర్సవ్వ అనే పెద్దావిడ లేచింది. లింబాద్రి కుట్టిన జాకెట్లు పట్టక, తానే లావయ్యాననుకుని, ఏళ్ల తరబడి పెళ్లిళ్లకు పాత జాకెట్లే వేసుకుపోయిన మనిషి ఆమె.

"అయితే నా జాకెట్లు గూడ నువ్వే ఖరాబు చేసినవా?"

"నేనే వదినా," అన్నాడు లింబాద్రి.

అప్పుడు జనం నవ్వారు. గ్రౌండు గ్రౌండంతా నవ్వింది. లింబాద్రి ఆ నవ్వుల మధ్య తల వంచుకుని నిలబడ్డాడు. ఎక్కడికి పోవాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన ఒళ్లు తనకే బరువైంది. ఆ రోజు మట్టిలో ముడుచుకున్న పిల్లకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. తాను పెద్దవాడు, తప్పు చేసి నిలబడ్డాడు. ఆ పిల్ల ఏ తప్పూ చేయకుండా మాట పడింది. అది తలుచుకుంటే సిగ్గు ఇంకా ఎక్కువైంది.

రవళి గేటు దాటి లోపలికి వచ్చింది. నవ్వలేదు. లింబాద్రి ముందు ఆగి చెయ్యి చాచింది. అతను బనియను ఇచ్చాడు. ఆమె దాన్ని భుజం మీద వేసుకుని వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఆకలైతుంది," అంది.

ఆ మాట అందరికీ వినబడింది. నవ్వులు ఆగిపోయాయి. గంగమణి గేటు బయటి బండి మీద అరటిపళ్లు కొని పరుగున తెచ్చింది. రవళి గ్రౌండు అంచున కూర్చుని, అందరూ చూస్తుండగానే నింపాదిగా తింది. ఒకటి తిని ఇంకొకటి ఒలుచుకుంది. గోడ మీది పిల్లలు ఒక్కరొక్కరే కిందికి దిగారు. ఎంపిక చేసే పెద్దలు కూడా ఆమె తినేదాకా ఆగారు. తర్వాత రవళి బడి గదిలోకి వెళ్లి బనియను తొడుక్కుని వచ్చి, నేలకు మొక్కి కూతకు దిగింది.

రవళిని జిల్లా జట్టులోకి తీసుకున్నారా అని మీరు అడుగుతారు. తీసుకున్నారు. లింబాద్రి సిగ్గు పోయిందా అని అడిగితే మాత్రం, పోలేదనే చెప్పాలి. మరునాటి నుంచి ఊరి ఆడవాళ్లు పట్టని జాకెట్లన్నీ, జట్టు పిల్లలు తమ బనియన్లన్నీ తెచ్చి అతని బల్ల మీద పోశారు. ఎవరినీ ఏమీ అనకుండా అతను ఒక్కొక్కటే విప్పి, కాగితం మార్చి కుట్టాడు. బట్ట పట్టలేదని ఎవరైనా వస్తే ఆమె నోరు తెరవకముందే, ఇటివ్వమ్మా, నేనే సరిగా కత్తిరించి ఉండను అనేవాడు. రవళి ఊరికి వచ్చినప్పుడు కొట్టు ముందు నుంచి పోతూ కాకా అని పలకరించేది. పలకరించిన ప్రతిసారీ అతని చెవులు వేడెక్కేవి.

మన చేతి తప్పును ఎదుటివాళ్ల ఒంటి మీదికి నెట్టకూడదు. ఒకవేళ నెట్టామా, చాటున దిద్దుకుంటే సరిపోదు, పదిమందిలో నెట్టినదాన్ని ఆ పదిమందిలోనే నిలబడి మనదని ఒప్పుకోవాలి.